నెత్తురు చూడలేనివాళ్లు ‘సెవెన్’ చూడొచ్చా?
నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి, హాలీవుడ్ క్రైమ్ థ్రిల్లర్ ‘సెవెన్’ (1995) చూడొచ్చా అని అడిగారు కదండీ. చూడొచ్చు, భోంచేస్తూ మాత్రం వద్దు. డైరెక్టర్ డేవిడ్ ఫించర్ ఇందులో హత్యలు జరుగుతుండగా దాదాపు చూపించడు. పోలీసులు తలుపు తీశాక మిగిలిందే మనకు కనబడుతుంది. ఆగని వాన, టార్చిలైటు పడినంత మేరే గది. అసలు టెన్షన్ అక్కడుంది. మంచానికి కట్టేసిన మనిషి సీన్ రాగానే తల తిప్పేసుకోండి, నేనూ అదే చేశాను.

లోపాలా? లైబ్రరీ పుస్తకాల జాబితాతో హంతకుడి అడ్రస్ దొరికేయడం మరీ సులువు. గ్వినెత్ పాల్ట్రోకి, మోర్గాన్ ఫ్రీమన్‌తో మనసు విప్పి మాట్లాడే ఒక్క సీన్ తప్ప పెద్దగా పని లేదు. డిటెక్టివ్‌లుగా ఫ్రీమన్ నిదానం, బ్రాడ్ పిట్ దుడుకుతనం చూస్తుంటే ఇవేవీ గుర్తురావు లెండి. క్లైమాక్స్ గురించి మాత్రం ముందే ఎక్కడా చదవకండి.