‘స్థాయి’ పెంచమంటే వేలు తీగ మీద పైకి జరుగుతుంది

సందేహం: గిటార్ మోడలర్‌ను (ఆంప్లిఫయర్ల, అంటే ఆంప్‌ల సౌండ్‌ను అనుకరించే పెట్టెను) మిక్సర్‌కు, మిక్సర్‌ను స్టూడియో మానిటర్లకు (స్పీకర్లకు) కలిపి లెవెల్స్ సరిచూసుకోవడం ఎలాగో కొత్తవాళ్ల కోసం తెలుగులో రాస్తున్నాను. ‘లెవెల్’కు ‘స్థాయి’ అని రాస్తే, వయొలిన్ నేర్చుకున్న మా చెల్లెలు తప్పంటోంది. పోనీ గెయిన్, లెవెల్, వాల్యూమ్ మూడింటికీ ‘సౌండ్ పెంచండి’ అని సరిపెట్టేయవచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: మీ చెల్లెలి అభ్యంతరం న్యాయమైనదే. ‘జిల్లాస్థాయి పోటీలు’, ‘ఉన్నతస్థాయి సమావేశం’ అన్నప్పుడు స్థాయికి లెవెల్ అనే అర్థం, అందులో పేచీ లేదు. కానీ సంగీతంలో ఆ మాట ఎప్పుడో వేరే పనిలో కుదురుకుంది. మంద్ర (కింది), మధ్య (నడిమి), తార (పై) అని స్వరాల స్థాయిలు మూడు. సరళీ, జంట వరుసలు దాటిన పిల్లలు హెచ్చుస్థాయి వరుసలు సాధన చేస్తారు. అలాంటివారితో ‘స్థాయి పెంచు’ అంటే గట్టిగా వాయించరు, పై షడ్జం వైపు వెళ్తారు. గిటార్ ఐదో తీగను మామూలుగా 110 హెర్ట్జ్‌కు బిగిస్తారు. దాని మీద ఒక స్థాయి పైకి వెళ్తే 220. ఎంత గట్టిగా మీటినా 110 మాత్రం 110గానే ఉంటుంది. (‘విభేదాలు తారస్థాయికి చేరాయి’ అని రోజూ రాసే పత్రికలవారికి అది పాటకచేరీ మాట అని గుర్తుందో లేదో!)

‘తీవ్రత’ అందామా? అది గాలిలో వినబడే ధ్వనికి సరిపోతుంది. మోడలర్ నుంచి మిక్సర్‌కు వైరులో పోయేది ధ్వని కాదు, వోల్టేజి. కాబట్టి ‘లెవెల్’ అనే ఉంచండి. మిక్సర్ ముందు కూర్చునేవాళ్లంతా అనేది అదే.

ఇక ‘సౌండ్ పెంచండి’. ఇంట్లో టీవీకి అది చాలు, ఇక్కడ చాలదు. మోడలర్‌లోని గెయిన్ ఆంప్‌కు సంబంధించినది. అది పెంచితే సౌండ్ కావాలనే పగులుతుంది, ఆ పగులే రాక్ గిటార్‌కు అందం. మిక్సర్ మీది గెయిన్ పని వేరు: వచ్చిన సిగ్నల్‌ను మిక్సర్‌కు తగిన లెవెల్‌కు తేవడం. అక్కడ సౌండ్ పగిలిందంటే ఎర్ర లైటు వెలిగిందన్నమాట, అది అందం కాదు. రెంటికీ పేరొక్కటే కనుక ప్రతిసారీ ‘ఆంప్ గెయిన్’, ‘మిక్సర్ గెయిన్’ అని విడమరిచి రాయండి. ‘సౌండ్’ అనే మాటను గొలుసు చివర మానిటర్ వెనక ఉండే నాబ్ కోసం దాచుకోండి. ముందున్న లెవెల్స్ అన్నీ కుదిరాక, గదికి ఎంత కావాలో అంత సౌండ్ పెంచుకునేది అక్కడే.

మీరు అడగలేదు కానీ, ఇలాంటి రాతల్లో నన్ను ఎక్కువ భయపెట్టే మాట ‘సున్నా’. ‘ఫేడర్‌ను సున్నాకు పెట్టండి’ అని రాశారనుకోండి. ఫేడర్ అంటే మిక్సర్ మీద పైకీ కిందికీ జరిపే మీట. తెలుగువాడికి సున్నా అంటే ఏమీ లేకపోవడం. ఫేడర్‌ను కిందికంటా లాగేస్తాడు, సౌండ్ పోతుంది, కేబుల్ పాడైందని కొత్తది కొంటాడు. మిక్సర్ మీద 0 అంటే కలపనూ లేదు, తీసివేయనూ లేదు అని. నిశ్శబ్దం ఉండేది అట్టడుగున, అనంతం గుర్తు దగ్గర. అందుకని ‘ఫేడర్‌ను 0 గీత దగ్గర నిలపండి’ అనండి. మీటర్ల దగ్గరా ఇదే చిక్కు. అనలాగ్ మిక్సర్ మీటర్ 0 దాటినా సౌండ్ పగిలేలోపు ఇంకా చోటుంటుంది, డిజిటల్ రికార్డింగ్‌లో 0 దాటితే చోటే లేదు. ఏ సున్నా అన్నది చెప్పకుండా వదలకండి.

అలాగే డీబీయూ, డీబీవీ లాంటి కొలతలను ఉత్త ‘డీబీ’ (డెసిబెల్) అని కుదించి తోక కత్తిరించవద్దు. మానిటర్ వెనక కొన్నిటికి +4, -10 అని స్విచ్ ఉంటుంది. రెంటికీ తేడా 14 అని లెక్క కట్టేస్తారు. మొదటిది డీబీయూ, అంటే 1.23 వోల్టులు, రెండోది డీబీవీ, 0.316 వోల్టు. కొలమానాలే వేరు కనుక అసలు తేడా సుమారు 12 డెసిబెల్స్.

క్రియల దగ్గర మాత్రం తెలుగును నమ్మండి. ‘గెయిన్ పెంచబడవలెను’ వంటి ‘బడు’ వాక్యాలు మాన్యువల్‌లో తప్ప మనుషుల నోట ఉండవు. ‘మోడలర్ అవుట్‌పుట్‌ను లైన్‌కు పెట్టండి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చండి. మీరు వాయించేదాంట్లో అన్నిటికన్నా గట్టి ముక్క వాయిస్తూ మిక్సర్ గెయిన్ కొద్దికొద్దిగా పెంచండి. ఎర్ర లైటు వెలిగితే వెనక్కి తగ్గించండి’ – ఇంతే. వాయించనప్పుడు వచ్చే రొదకు కూడా మాటలున్నాయి: గెయిన్ ఎక్కువై బుస్సుమంటోందా, కరెంటు వైరింగ్ వల్ల గుయ్‌మంటోందా? ఈ రెండు మాటలతో లోపం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది.

బహువచనం ‘లెవెల్స్’ అన్నా తప్పులేదు. స్కూలు స్కూళ్లయినట్టు కేబులు కేబుళ్లు, సిగ్నలు సిగ్నళ్లు అవుతాయి. ‘లెవెళ్లు’ నాకూ చెవికి ఎక్కలేదు.