టెక్ సందేహాలు: మ్యాక్రో ఆగకపోతే చాలా?

ప్రశ్న: స్టాక్ షీట్‌లోని ఐటమ్ కోడ్‌ను ధరల షీట్‌లో వెతికి రేటు తెచ్చే ఎక్సెల్ మ్యాక్రో (పనిని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాం) రాసుకున్నాను. వెతకడానికి వీలుకప్ (VLOOKUP) ఫంక్షన్ వాడాను. మధ్యలో ‘రన్‌టైమ్ ఎర్రర్ 1004’ అంటూ ఆగిపోయేది. ఎవరో చెబితే పైన ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’ అని పెట్టాను. ఇప్పుడు ఆగడం లేదు కానీ, కొన్ని ఐటమ్‌లకు పై వరుసలోని రేటే మళ్లీ పడుతోంది. ఎందుకని?

జవాబు: ముందు ఆ లైన్ తీసేయండి. ఆగిపోయే మ్యాక్రోతో పెద్ద నష్టం లేదు, ఎక్కడ ఆగిందో చూసి సరిచేసుకుంటాం. ఆగకుండా తప్పు రేట్లు నింపుకుంటూ పోయేదే ప్రమాదం. దాంతో ఇప్పటికే నింపిన షీట్లు ఉంటే, వరసగా ఒకే రేటు పడిన చోట్లన్నీ ఒకసారి సరిచూసుకోండి.

మీ లూప్‌లో జరుగుతున్నది ఇదీ. ఒక కోడ్ ధరల షీట్‌లో లేదు. వీలుకప్ లైన్ విఫలమైంది. ‘రెజ్యూమ్ నెక్స్ట్’ ఉంది కాబట్టి వీబీఏ (మ్యాక్రోలు రాసే భాష) ఆ లైన్‌ను వదిలేసి తర్వాతి లైన్‌కు వెళ్లింది. కానీ రేటును దాచుకునే వేరియబుల్‌ను ఎవరూ ఖాళీ చేయలేదు, అందులో కిందటి ఐటమ్ రేటే ఉంది. తర్వాతి లైన్ దాన్నే తీసుకెళ్లి సెల్‌లో రాసేసింది.

అసలు కోడ్ దొరకకపోవడాన్ని ఎర్రర్‌గా చూడటమే ఇక్కడి చిక్కు. ‘లేదు’ అనేది కూడా జవాబే. ఆ జవాబు చేతికి అందేలా వెతకాలి. మీరు బహుశా ‘వర్క్‌షీట్‌ఫంక్షన్.వీలుకప్’ అని పిలుస్తున్నారు. దానికి దొరకకపోతే 1004 విసురుతుంది. అదే పనిని ‘అప్లికేషన్.వీలుకప్’ అని పిలిస్తే మ్యాక్రో ఆగదు, ఫలితంగా ఒక ఎర్రర్ విలువ తిరిగొస్తుంది. సెల్‌లో మనం చూసే ‘ఎన్/ఎ’ అదే, కోడ్‌లో దాని నంబర్ 2042. వచ్చిన విలువను ‘ఈజ్‌ఎర్రర్’తో పరీక్షించి, అవునంటే సెల్‌లో ‘కోడ్ లేదు’ అని రాయించండి. కాదంటే రేటు రాయించండి.

ఒక్క జాగ్రత్త. ఆ ఫలితాన్ని పట్టుకునే వేరియబుల్ కచ్చితంగా వేరియంట్ (ఏ రకం విలువనైనా పట్టే) రకానిదే కావాలి. డబుల్ (అంకెలకు) అనో స్ట్రింగ్ (అక్షరాలకు) అనో ప్రకటిస్తే ఎర్రర్ విలువ అందులో పట్టదు, ఈసారి ఎర్రర్ 13, అంటే ‘టైప్ మిస్‌మ్యాచ్’ వచ్చి ఆగుతుంది. అన్ని ఎర్రర్ విలువలూ ‘దొరకలేదు’ అని కూడా అనుకోవద్దు. టేబుల్‌లో మూడు కాలమ్‌లుంటే మీరు నాలుగో కాలమ్ అడిగారనుకోండి, 2023 నంబర్ ఎర్రర్ విలువ వస్తుంది. అది డేటా లోపం కాదు, మీ కోడ్‌లోని తప్పు. ఈ రెంటినీ విడదీసి చూపించడం మంచిది.

కోడ్ కళ్లెదుట కనిపిస్తూనే ఉన్నా దొరకడం లేదంటే అనుమానించాల్సింది టెక్స్ట్, నంబర్ తేడాను. ఒక షీట్‌లో 1045 నంబర్‌గా, మరోదానిలో టెక్స్ట్‌గా ఉంటే వీలుకప్‌కు అవి వేర్వేరు. రెండు వైపులా టెక్స్ట్‌గానే ఉంచుకోవడం నయం. నంబర్‌గా మారిస్తే 00125 కాస్తా 125 అయిపోయి, ఇంకో ఐటమ్‌తో కలిసిపోవచ్చు. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన డేటాలో ఇంకో తలనొప్పి ఉంటుంది. చూడటానికి మామూలు ఖాళీలాగే ఉండే 160 నంబర్ అక్షరం. ‘ట్రిమ్’ దాన్ని తీయదు, ‘రీప్లేస్’తో తీయాలి. ఇక వీలుకప్‌లో నాలుగో విలువగా ‘ఫాల్స్’ ఇచ్చారో లేదో చూడండి. వదిలేస్తే దగ్గరి పోలికతో సరిపెట్టుకుంటుంది, ఎర్రర్ లేకుండానే తప్పు రేటు వస్తుంది.

ప్రశ్న: నేను మ్యాక్రోలో సెల్‌ను వెతకడానికి ‘ఫైండ్’ వాడుతున్నాను. ఎర్రర్ 91 వస్తోంది. నిన్న పనిచేసిన మ్యాక్రోయే!

జవాబు: ఫైండ్‌కు ఏమీ దొరకకపోతే ‘నథింగ్’, అంటే ఏ సెల్‌నూ సూచించని విలువ, ఇస్తుంది. లేని సెల్‌కు వరుస నంబర్ ఎంత అని అడిగితే వచ్చేదే 91. ఫలితాన్ని ముందు ఒక రేంజ్ వేరియబుల్‌లో ‘సెట్’ చేసి, అది నథింగ్ కాదని తేలాకే ముందుకెళ్లండి. నిన్నకూ ఇవాళ్టికీ డేటా మారకపోతే కారణం ఇంకోటి కావచ్చు. ఎక్కడ వెతకాలి, మొత్తం సెల్ సరిపోవాలా వద్దా అన్న సెట్టింగులను ఫైండ్ గుర్తుపెట్టుకుంటుంది. మధ్యలో మీరు మామూలు ఫైండ్ బాక్స్‌లో వాటిని మార్చినా మ్యాక్రోపై ప్రభావం పడుతుంది. ‘లుక్‌ఇన్’, ‘లుక్‌ఎట్’ విలువలను ప్రతిసారీ కోడ్‌లోనే రాసేయండి.

ప్రశ్న: ఎర్రర్ వస్తే కోడ్ వెళ్లాల్సిన చోటుకు పేరుగా కింద లేబుల్ పెట్టి మెసేజ్ చూపిస్తున్నాను. అన్నీ సరిగ్గా జరిగినా మెసేజ్ వస్తోంది, నంబర్ 0 అని.

జవాబు: లేబుల్ దగ్గర కోడ్ దానంతటది ఆగదు, దాటుకుని కిందికి వచ్చేస్తుంది. లేబుల్‌కు పైన, మ్యాక్రోను అక్కడితో ముగించే ‘ఎగ్జిట్ సబ్’ పెట్టండి. మ్యాక్రో మొదట్లో ‘ఎనేబుల్ ఈవెంట్స్’ (సెల్ మారడం లాంటివి జరిగినప్పుడు వాటంతటవే నడిచే కోడ్‌ను అనుమతించే సెట్టింగ్) ఆపడం, క్యాలిక్యులేషన్‌ను మాన్యువల్‌కు మార్చడం లాంటివి చేసి ఉంటే, ఎగ్జిట్ సబ్‌కు ముందూ లేబుల్ కిందా రెండు చోట్లా వాటిని మామూలు స్థితికి తేవాలి. లేకపోతే మ్యాక్రో ముగిసినా ఎక్సెల్ అలాగే ఉండిపోయి, ఫార్ములాలు ఎందుకు మారడం లేదో అర్థంకాక టెన్షన్ పడతారు.