పొడవైన విరామంలో లెక్క తప్పకుండా

ఆర్కెస్ట్రాలో మీరు వాయించకుండా ఆగాల్సిన 60 బార్ల (బారు అంటే కొన్ని బీట్ల, అంటే లయ దెబ్బల, సమూహం) విరామంలో లెక్క తప్పి, అందరూ మౌనంగా ఉన్న చోట మీ ట్రంపెట్ ఒక్కటే మోగిందని రాశారు. దిగులు పడకండి. మా ఔత్సాహిక ఆర్కెస్ట్రాలో తాళాలు వాయించే మిత్రుడు ఒక బారు ముందే మోగించినప్పుడు కండక్టరుతో సహా అందరం నవ్వు ఆపుకోలేకపోయాం, ఆయనైతే అందరికంటే ఎక్కువ నవ్వారు!

బారుకు నాలుగు బీట్లుంటే, ప్రతి బారు మొదటి బీటుపై ఆ బారు సంఖ్యనే మనసులో పలకండి: 1-2-3-4, 2-2-3-4, 3-2-3-4. అయినా అంకెల కంటే చెవినే నమ్మమంటాను. మీ వంతుకు ముందు ఓబో (ఊది వాయించే ఒక వాద్యం) ఏం వాయిస్తుందో రిహార్సల్‌లో విని, ఆ నాలుగు స్వరాలను మీ కాగితంపై పెన్సిల్‌తో రాసుకోండి. రిహార్సల్ అక్షరం (స్వరాల కాగితంపై చోటు గుర్తుపట్టడానికి ఉండే A, B లాంటి గుర్తు) వచ్చినప్పుడల్లా పక్కవారికి వేలితో సైగ చేయండి; వారి లెక్క తేడాగా ఉంటే అక్కడే తెలిసిపోతుంది. వాద్యాన్ని మాత్రం రెండు బార్ల ముందే పెదవులకు చేర్చండి.