ఆఫీసుకూ, విహారానికీ ఒకే టూరింగ్ సైకిల్ (సామానుతో దూరప్రయాణాలకు వాడేది) కొనాలంటే ఏం చూడాలి?
మొదట చూడాల్సింది వెనక చక్రం, ఫ్రేమ్ సంగతి తర్వాత. సామాను బరువు ఎక్కువగా పడేది దాని మీదే. బిగింపు చాలని స్పోకు ప్రతి చుట్టులోనూ సడలుతూ బిగుస్తూ, చివరికి హబ్ (చక్రం నడిమి భాగం) దగ్గరి వంపులో తెగుతుంది. అందుకే, బరువును ఎక్కువ స్పోకులకు పంచే 36 స్పోకుల చక్రమే నా ఎంపిక. కొన్న కొన్ని వారాలకు బిగింపు తప్పకుండా సరిచేయించండి. చాలామంది వదిలేసేది ఇదే.

ఫ్రేమ్ క్రోమోలీ స్టీలుదైతే (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) మేలు. పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసుకు దాదాపు 45 సెం.మీ. ఉండాలి, లేకపోతే తొక్కేటప్పుడు మడమ వెనక వేలాడే సామాను సంచికి తగులుతుంది. క్యారియర్‌ను మరలతో బిగించే రంధ్రాలు ఫ్రేమ్‌లోనే ఉండాలి. టైర్లు 35–40 మి.మీ., మడ్‌గార్డుకు చోటు మిగిలేలా. బరువుతో ఎత్తెక్కాలంటే, పెడళ్ల దగ్గరి చిన్న పళ్లచక్రానికి 30 పళ్లు, వెనక చక్రం దగ్గరి పెద్దదానికి 34 ఉంటే చాలు.