ఇల్లు మారే ముందు: ఏ సామాను ఎక్కడ అమ్మాలి

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన సామాన్ల లిస్టు చూశాను. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, డబుల్ కాట్ మంచం, పుస్తకాల బీరువా, పెద్ద షేడ్ ఉన్న నిలువు లైటు, పిల్లాడికి పొట్టైపోయిన సైకిల్, మీ మావగారి ఫిల్మ్ కెమెరా, రెండు పాత ఫోన్లు, అట్టపెట్టెల నిండా పుస్తకాలు, గిన్నెలు. "వీటన్నిటికీ ఏ యాప్ మంచిది పెద్దమ్మా?" అని అడిగావు. అన్నిటికీ ఒకే చోటు వెతకడంలోనే చిక్కంతా ఉంది. యాప్ సంగతి కాసేపు పక్కన పెట్టు. ఒక్కో వస్తువు ముందు నిలబడి రెండే ప్రశ్నలు వేసుకో. ఇది ఎవరికి కావాలి? దీనికోసం వాళ్లు ఎంత దూరం నుంచి వస్తారు? ఈ రెండూ తేలితే ఎక్కడ అమ్మాలన్నది దానంతటదే తేలిపోతుంది.

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచం, బీరువా బరువైనవి. ఇలాంటివి ఊళ్లో చాలామంది దగ్గర ఉంటాయి కాబట్టి వీటికోసం ఎవరూ దూరం నుంచి రారు. వచ్చినా బండి కిరాయి, ఎత్తి దింపే మనుషుల కూలి కలిపితే బేరం గిట్టదు. అందుకని వీటిని దగ్గర్లోనే అమ్ము. మొదట మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టు, తర్వాత ఆఫీసు గ్రూపులో. మొహం తెలిసినవాళ్లు కొంటే బేరం కూడా మర్యాదగా సాగుతుంది, డబ్బు దగ్గర టెన్షన్ ఉండదు. నాలుగైదు రోజుల్లో కదలిక లేకపోతే అప్పుడు ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో, ఓఎల్ఎక్స్ లాంటి చోటో పెట్టు. ప్రకటనలో పేటతోపాటు ఎన్నో అంతస్తు, లిఫ్టులో పడుతుందా లేదా, మంచం విడదీయడానికి వస్తుందా అన్నవి కూడా రాయి. కొలతలు తప్పకుండా రాయి. పెద్ద సామాను కొనేవాడికి ముందు వచ్చే సందేహం "మా గుమ్మంలోంచి పడుతుందా" అన్నదే. ఆ సమాధానం ప్రకటనలోనే దొరికితే సగం ఫోన్లు తగ్గుతాయి, వచ్చే ఫోన్లు కొనేవాళ్లవి అవుతాయి.

వాషింగ్ మెషీన్ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అందరూ అనుమానంగా చూసేది దాన్నే. మనిషి వచ్చేసరికి నీళ్ల గొట్టం, ప్లగ్గు తగిలించే ఉండాలి. నాలుగు బట్టలు వేసి, నీళ్లు పట్టడం, తిరగడం, నీళ్లు వదలడం, ఆఖరున వేగంగా పిండడం వాళ్ల ఎదురుగానే జరగాలి. ఆ పిండేటప్పుడు వచ్చే చప్పుడు వింటేనే వాళ్లకి నమ్మకం కలుగుతుంది. నీది ఫ్రంట్ లోడ్ కదా, కొన్నప్పుడు వెనక నుంచి విప్పిన పొడుగు బోల్టులు ఎక్కడో పెట్టి ఉంటావు, వెతుకు. బండిలో తీసుకెళ్లేటప్పుడు డ్రమ్ము ఊగి పాడవకుండా పట్టి ఉంచేవి అవే. ముందు భాగంలో కింద ఉన్న ఫిల్టర్ మూత విప్పి, లోపల నిలిచిన నీళ్లు పళ్లెంలోకి వదిలెయ్. ఆ బోల్టులు, మాన్యువల్, కొన్న బిల్లు ఒక కవరులో పెట్టి చేతికిస్తే కొనేవాళ్లు బేరం మరీ లాగరు. జాగ్రత్తగా వాడిన ఇల్లని వాళ్లకే అర్థమవుతుంది.

ఫ్రిజ్ కూడా అంతే, నడుస్తూ ఉండగానే చూపించాలి. ముందే ఆపేసి, తుడిచి మెరిపిస్తే చల్లబడుతుందో లేదో చూపించడానికి ఉండదు. బేరం కుదిరి డబ్బు చేతికొచ్చాక, తీసుకెళ్లే ముందు రోజు ఆపి, మంచు కరిగించు. నిలబెట్టే తీసుకెళ్లమని చెప్పు. పడుకోబెట్టక తప్పకపోతే కంప్రెసర్‌లోని ఆయిల్ గొట్టాల్లోకి పారుతుంది. అందుకే ఇల్లు చేరాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి ఆ తర్వాతే స్విచ్ వెయ్యమను. ఈ మాట చెప్పకపోతే నిక్షేపంలాంటి ఫ్రిజ్ వాళ్లింట్లో పాడై, ఆ మాట నీ మీదకు వస్తుంది.

లోపాలు దాచకు అమ్మలూ. ఇది మంచితనం కోసమే చెప్పడం లేదు, ధర కోసం కూడా. జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని ఒక సంగతి చెప్పాడు. వస్తువులో ఏముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు ప్రతిదాన్నీ అనుమానించి ధర తగ్గిస్తాడు, దాంతో మంచి సరుక్కి కూడా విలువ పడిపోతుంది. 2001లో ఆయనకు నోబెల్ తెచ్చిన పని ఇలాంటిదే. ఆ అనుమానం పోగొట్టడం నీ చేతిలో ఉంది. బీరువా తలుపు మీద గీత ఉంది కదా, దాన్ని దగ్గర నుంచి, పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తియ్యి. గీత ఎంతుందో వాళ్లకే తెలుస్తుంది. ఇంటికొచ్చి "అరె, ఇది చెప్పలేదే" అనే అవకాశం ఇచ్చావంటే ఆ ఒక్క గీతకి అసలు విలువ కంటే ఎక్కువ తగ్గించమంటారు.

ఇక కెమెరా. ఈ లిస్టులో నాకు ఎక్కువ ఇష్టమైన వస్తువు అదే, తొందరపడి పారేసినట్టు అమ్మేదీ అదే అవుతుందేమోనని నా భయం. దాన్ని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టకు. అక్కడ దాని విలువ తెలిసినవాళ్లు ఒక్కరు కూడా ఉండకపోవచ్చు. ఇలాంటి వస్తువు కావాలనుకునేవాళ్లు కొద్దిమందే ఉంటారు, వాళ్లు ఏ మూలనైనా ఉండొచ్చు, ఎంత దూరం నుంచైనా తెప్పించుకుంటారు. పియర్ ఒమిడ్యార్ 1995లో వేలం వెబ్‌సైట్ మొదలుపెట్టినప్పుడు, తర్వాత ఈబేగా మారింది అదే, తొలిరోజుల్లోనే అక్కడ చెడిపోయిన లేజర్ పాయింటర్ ఒకటి అమ్ముడుపోయింది. చెడిపోయిందని తెలుసా అని ఆయన అడిగితే, చెడిపోయినవే పోగుచేస్తానని కొన్నతను చెప్పాడట. పాత కెమెరాలు, చేతి గడియారాలు, రేడియోలు, గ్రామఫోన్ రికార్డులు, నాణేలు, ఆగిపోయిన మోడల్ స్పేర్ పార్టులు, ఇవన్నీ ఆ కోవలోవే. వీటిని కలెక్టర్ల గ్రూపుల్లో, వేలం సైట్లలో పెట్టాలి.

పెట్టేముందు లెన్సు తీసి టార్చి వెలుతురులో చూడు. లోపల సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, ఆ మాట రాయాల్సిందే. వెనక తలుపు అంచున ఉండే నల్ల స్పాంజి జిగటగా మారిందా, షట్టర్ అన్ని వేగాల్లో పడుతోందా చూడు. మోడల్ పేరు, సీరియల్ నంబర్, లెన్సు ముందు భాగం మీద ఉన్న అక్షరాలు, అన్నీ ఫొటోల్లో స్పష్టంగా పడాలి. నువ్వేమీ తుడిచి బాగుచేయకు. తెలిసినవాళ్లు అలాగే కావాలంటారు.

దూరం పంపేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకో. కొరియర్ వాళ్లు అసలు బరువు ఒక్కటే చూడరు, డబ్బా పట్టే చోటు కూడా చూస్తారు. చాలా సంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. వచ్చిన కిలోలు, అసలు బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. నీ నిలువు లైటు షేడునే తీసుకో. 60, 50, 40 సెంటీమీటర్ల డబ్బాలో పెడితే లోపల ఉన్నది కిలోన్నరే అయినా 24 కిలోలకి కట్టాల్సి వస్తుంది. కెమెరా అయితే చిన్న డబ్బాలో కూర్చుంటుంది. అందుకే అది దూరం వెళ్లొచ్చు, లైటు మీ వీధి దాటకూడదు. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు మాత్రం కొరియర్‌కి పెట్టకు. ప్రయాణికుల విమానాల్లో లిథియం అయాన్ బ్యాటరీలను విడిగా సరుకుగా వేయడం 2016 నుంచి అంతర్జాతీయంగా నిషేధం. కౌంటర్ దగ్గరే వెనక్కి పంపుతారు.

ఫోన్లకి రెండు దారులున్నాయి. నేరుగా ఎవరికైనా అమ్మితే ఎక్కువ వస్తుంది, కానీ అడిగేవాళ్ల కాల్స్, బేరాలు, తర్వాత "చార్జింగ్ ఎక్కట్లేదు" అనే ఫిర్యాదులు. పాత ఫోన్లు కొనే సంస్థకో, కొత్త ఫోన్‌తో ఎక్స్‌చేంజికో ఇస్తే తక్కువ వస్తుంది, తలనొప్పి ఉండదు. రెండేళ్ల లోపు మంచి మోడల్ అయితే నేరుగా, అంతకంటే పాతదైతే ఎక్స్‌చేంజి అన్నది నా లెక్క. ఏది చేసినా ముందు ఐఫోన్‌లో పోయిన ఫోన్‌ని వెతికిపెట్టే ఫైండ్ మై ఆపి, అకౌంట్ నుంచి బయటికి రా. 2013 నుంచి వాటికి యాక్టివేషన్ లాక్ ఉంది, అది తీయకపోతే కొన్నవాళ్లు ఫోన్ వాడుకోలేరు. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ అకౌంట్ తీసేశాకే రీసెట్ కొట్టు. వెనక మూత ఉబ్బిన ఫోన్ ఉంటే దాన్ని అసలు అమ్మకు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చెయ్.

పుస్తకాలు ఒక్కోటిగా అమ్మాలని చూస్తే ప్రాణం విసిగిపోతుంది. చదువు పుస్తకాలు వేరు చేసి, తరగతులు మొదలయ్యే రోజుల్లో ఆ చదువు చదివే పిల్లల గ్రూపుల్లో సెట్టుగా పెట్టు. మిగతావి పాత పుస్తకాల షాపుకి మొత్తంగా, లేదా లైబ్రరీకి. గిన్నెలు తూకానికే.

సైకిల్ పిల్లలున్న ఇళ్ల గ్రూపులో పెడితే ఒక్క రోజులో పోతుంది. కానీ దాంతోపాటు హెల్మెట్ ఇవ్వాలనుకుంటే ఆగు. పిల్లాడు దాంతో ఎప్పుడైనా గట్టిగా పడి ఉంటే, పైకి చక్కగా కనిపించినా, ఇంకో పిల్లాడికి ఇవ్వకూడదు. కారులో పిల్లలు కూర్చునే సీటు కూడా అంతే. లోపల ఒక్కసారి దెబ్బతిన్న సరుకు రెండోసారి కాపాడుతుందన్న నమ్మకం లేదు.

ధర దగ్గర నీ మనసు నిన్ను పక్కకి లాగుతుంది, అందుకే చెప్తున్నా. కానమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొంతమందికి కాఫీ కప్పులు ఇచ్చి ఎంతకి అమ్ముతారని, మిగతావాళ్లని ఎంతకి కొంటారని అడిగారు. కప్పు చేతికొచ్చి కాసేపే అయినా, అమ్మేవాళ్లు అడిగింది కొనేవాళ్లు ఇస్తామన్నదానికి రెట్టింపు పైనే. మరి ఎనిమిదేళ్లు కాపురం చేసిన మంచం సంగతి చెప్పాలా? అందుకని నీకు తోచిన ధర పెట్టకు, తోటివాళ్లు ప్రకటనల్లో పెట్టిన ధరా నమ్మకు. వాళ్లు అడుగుతున్నారంతే, అమ్ముడుపోలేదు. ఈబేలో అమ్ముడుపోయినవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది, కెమెరాకి అది చూడు. మంచం లాంటివాటికి, ప్రకటన పెట్టి వారంలోపే మాయమైన ధరలు గమనించు. ఎక్కడ అమ్మినా కమీషన్, ప్యాకింగ్, కొరియర్ పోను చేతికి మిగిలేదెంతో రాసుకునే పోల్చు.

డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం మొహమాటం పనికిరాదు. డబ్బు రావడానికి నువ్వు పిన్ కొట్టాల్సిన పని లేదు, ఓటీపీ చెప్పాల్సిన పని లేదు. ఆ రెండూ అడిగినవాడితో మాట ఆపెయ్. అతను చూపించే స్క్రీన్‌షాట్ కాదు, నీ బ్యాంకు యాప్‌లో నువ్వు తెరిచి చూసిన బ్యాలెన్సే లెక్క. "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిప్పి పంపండి" అన్నా, వస్తువు చూడకుండానే అడిగిన ధరకి సరేనని ఇప్పుడే మనిషిని పంపుతానన్నా అనుమానించాల్సిందే. చిన్న వస్తువులు జనం తిరిగే చోట పగటిపూట ఇవ్వు. పెద్ద సామాను చూడ్డానికి ఇంటికొస్తే అల్లుడుగారిని ఇంట్లో ఉండమను, సామాను గుమ్మం దగ్గరి గదిలోకి ముందే జరిపించు. ఇల్లంతా తిప్పి చూపించక్కర్లేదు.

నీకింకా నెల ఉంది. ఈ వారమే కెమెరా, ఫోన్లు పెట్టు, ఎందుకంటే దూరపు బేరాలకి టైం పడుతుంది. మంచం, బీరువా, మెషీన్ వచ్చే వారం పెట్టి, వారానికోసారి ధర కొంచెం దించు. ఫ్రిజ్ ఆఖరుకి ఉంచు, కాకపోతే బేరం ముందే కుదుర్చుకుని తీసుకెళ్లే తేదీ చెప్పు. ఆఖరి ఐదు రోజుల్లో మిగిలినవన్నీ ఫొటో తీసి సెకండ్ హ్యాండ్ షాపుల్లో రెండు మూడు చోట్ల ఒకే లాటుగా రేటు అడుగు. వాళ్లు చెప్పే ధర విని చిన్నబుచ్చుకోకు. బండి, కూలి, రిపేరు, షాపు అద్దె, అమ్ముడయ్యేదాకా ఆగడం, అన్నీ వాళ్ల నెత్తినే కదా. ఆ లాటులో ఒకటి రెండు వస్తువులే తీసుకుని మిగతావి వదిలేస్తామంటే మాత్రం ఒప్పుకోకు.

కెమెరా లెన్సు మీద రాసి ఉన్న అక్షరాలు రేపు ఫొటో తీసి పంపు. ధర నేను చూసి పెడతాను.

పెద్దమ్మ