చీటీ డబ్బు 40 వేలు: ఎఫ్‌డీయా, గడ్డివామా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. రెండు సంకరజాతి ఆవులున్నాయి. ఒకటి రోజుకు 8 లీటర్లు ఇస్తోంది, ఇంకొకటి ఏడు నెలల చూడి. చీటీ ముగిసి 40 వేలు చేతికొచ్చాయి. ఎఫ్‌డీ వేయమంటారా, బంగారం కొనమంటారా? ఎండాకాలం మేతకు నూటికి రెండు రూపాయల వడ్డీకి 30 వేలు తెస్తాం, అది ఏటా మామూలే. చెనక్కాయ కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండు మేత) మొన్ననే అమ్మేశాం. వరిగడ్డి ఇప్పుడు బండి ఖర్చుతో కలిపి కిలో 5 రూపాయలు. పోయిన మేలో 9కి కొన్నాం.

జవాబు: అమ్మా, మీరు "ఏటా మామూలే" అని దాటేసిన చోటే మీ డబ్బు కారిపోతోంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 30 వేలకు ఐదు నెలల వడ్డీయే 3 వేలు. ఎఫ్‌డీకి 7 శాతం వస్తుందనుకున్నా, 24 శాతానికి అప్పు తెచ్చుకుంటే ఎవరికి లాభం?

ముందు గడ్డి లెక్క చూద్దాం. పచ్చిమేత కాస్తో కూస్తో దొరుకుతుందనుకుంటే ఆవుకు రోజుకు 6 కిలోల ఎండుగడ్డి కావాలి. మార్చి నుంచి జూన్ దాకా 120 రోజులు, రెండు ఆవులకు 1,440 కిలోలు. తొక్కి పాడుచేసేది, తడిసేది కలుపుకుని 1,650 అనుకోండి. ఇప్పుడు కొంటే 8,250 రూపాయలు, మే ధరకైతే 14,850. తేడా 6,600. మార్చిలో ధర అంత ఉండదు కాబట్టి అందులో సగమే మిగిలిందనుకున్నా 3 వేల పైమాటే. అదే 8,250 ఎఫ్‌డీలో వేస్తే, ఆ 7 శాతమే వచ్చినా నాలుగు నెలలకు 190 రూపాయలే. వామిని మాత్రం నేలమీద కాకుండా రాళ్లమీదో మొద్దులమీదో వేసి, పైన టార్పాలిన్ కప్పండి. ఏప్రిల్ జల్లు ఒక్కటి లోపలికి దిగితే బూజు పట్టి ఈ లెక్కంతా తలకిందులవుతుంది.

వరిగడ్డితో కడుపు నిండుతుంది గానీ బలం రాదు. అందులో మాంసకృత్తులు 3, 4 శాతమే. చెనక్కాయ కట్టెలో అంతకు రెట్టింపు పైనే ఉంటాయి. దాన్ని అమ్మి వరిగడ్డి కొనడం నాకు మింగుడుపడలేదు. వచ్చే ఏడు ఆ పని చేయకండి. ఈ ఏటికి ఆ లోటు కొంత తీరడానికి వరిగడ్డినే యూరియా గడ్డిగా చేసుకోవచ్చు. 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, 100 కిలోల గడ్డిమీద పొరపొరకూ చల్లి, బాగా తొక్కి, గాలి చొరకుండా పట్ట కప్పి 21 రోజులు ఉంచాలి. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు కాబట్టి క్వింటాలు గడ్డికి పాతిక రూపాయలు కూడా కాదు. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి, కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. ఆరు నెలల్లోపు దూడలకు వద్దు. యూరియా నీళ్లు బకెట్లో మిగిలి ఆవు తాగిందంటే ప్రాణానికే ముప్పు. మొదటిసారి పశువుల డాక్టరును దగ్గర పెట్టుకుని చేయండి.

పాలిచ్చే ఆవు దాణా పాల బిల్లులోంచే వెళ్లాలి. ఒంటి పోషణకు రోజుకు కిలోన్నర, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో. చాలామంది చూడి ఆవు దగ్గరే చెయ్యి బిగబడతారు, పాలు లేవు కదా అని. అలా చేస్తే ఈనాక పాలు తగ్గుతాయి, ఎదకు ఆలస్యంగా వస్తుంది. ఒక్క ఎద తప్పినా 21 రోజులు పోయినట్టే. ఈనేదాకా దానికి రోజుకు రెండున్నర కిలోల దాణా పెట్టండి. రెండింటికీ తలా 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కూడా. దాణాలో వాడే నూనెగింజల చెక్క, తవుడు నెలకు సరిపడానే కొనండి, నిల్వ ఉంచితే బూజు పడతాయి.

గడ్డికి 8,250, చూడి ఆవుకు రెండు నెలల దాణా కిలో 30 చొప్పున 4,500, టార్పాలిన్‌కూ ఖనిజ లవణాలకూ యూరియాకూ 3 వేలు. మొత్తం 16 వేల లోపే. మిగిలిన 24 వేలు మూడు, నాలుగు నెలల చిన్న ఎఫ్‌డీలుగా వేసుకోండి, ఎండాకాలంలో అవసరపడితే ఒకటి తీయొచ్చు. బంగారం ఈ ఏడు వద్దు.

ఇంకో మాట. పాడి రైతులకూ కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తారు. 2 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు. వడ్డీ 7 శాతం, గడువులోపు కట్టేస్తే 3 శాతం రాయితీ. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, పాల బిల్లులు పట్టుకుని ఈ నెలలోనే బ్యాంకుకు వెళ్లండి. మేలో అప్లై చేస్తే డబ్బు వానలొచ్చాక చేతికొస్తుంది.