మొహమాటానికి పోతే మొహం పోతుంది

చిట్టీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ముందు గదిలో బ్యూటీ పార్లర్ పెడుతున్నావట, ఆషాఢంలో సున్నాలూ రంగులూ వేయించి శ్రావణం మొదటి శుక్రవారానికి తెరుస్తావట. విన్నప్పటినుంచీ ఒకపక్క గర్వంగా ఉంది, ఇంకోపక్క నిద్ర పట్టడం లేదు. నీ చెయ్యి మంచిదని నాకు తెలుసు. నా భయం నీ చేతి గురించి కాదు, నీ మొహమాటం గురించి. ఎవరేం అడిగినా "సరే ఆంటీ" అంటావు. ఈ పనిలో ఆ రెండు మాటలే కొంప ముంచుతాయి.

మున్సిపాలిటీ లైసెన్సు, ఇన్వర్టర్, కుర్చీ, అద్దం సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. మనిషికో తువ్వాలు, అయ్యాక వేడినీళ్లలో ఉతుకు. నీలం లైటు వెలిగే స్టెరిలైజర్ పెట్టె కొనమని సామాన్ల షాపువాడు పోరుతాడు. అది శుభ్రం చేసిన వస్తువుల్ని దాచుకోవడానికే, మురికి కత్తెరను అందులో పడేస్తే మురికి కత్తెరగానే బయటికొస్తుంది. ప్లకర్లూ కత్తెరలూ ముందు సబ్బునీళ్లలో బ్రష్షుతో తోము, తర్వాత 20 నిమిషాలు మరిగించు. స్పిరిట్ అయితే 70 శాతందే కొను. 90 శాతందాంట్లో పవరెక్కువ అనుకుంటారు గానీ అది పని పూర్తిచెయ్యకుండానే ఆవిరైపోతుంది. రక్తం తగిలిన పనిముట్టుకు మరిగించడం చాలదు, ప్రెషర్ కుక్కర్‌లా ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ కావాలి. నీ దగ్గర అది లేదు కాబట్టి మొటిమలు గిల్లడం, సూదులతో గుచ్చే ఫేషియళ్లు జోలికే పోకు. న్యూ మెక్సికోలో ఒక స్పాలో 2018లో ఇలాంటి సూదుల ఫేషియల్ వల్లే ముగ్గురు ఆడవాళ్లకు హెచ్‌ఐవీ సోకి ఉంటుందని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో తేల్చింది.

త్రెడింగ్‌కి దారం నోట్లో పెట్టుకోవద్దు. మెడకు కట్టుకుని చేసే పద్ధతి నేర్చుకో. మొదటి వారం కనుబొమలు వంకర వస్తాయి, కాబట్టి ముందు మీ చెల్లి చేతుల మీద ప్రాక్టీసు చెయ్యి. ఒకరికి వాడిన దారం ముక్క అక్కడితో చెత్తబుట్టకే. కస్టమర్ రెండు చేతులతో కనురెప్పనూ నుదుటినీ బిగించి పట్టుకోవాలి. వదులుగా పట్టుకుంటే వెంట్రుకతోపాటు చర్మమూ దారంలో పడి గాటు పడుతుంది. మొహం మీద చిన్నచిన్న పులిపిర్లు చదునుగా కనిపిస్తే ఆరోజు త్రెడింగ్ లేదని చెప్పు. దారం ఎటు నడిస్తే పులిపిర్లు అటు వరసకట్టి మొలుస్తాయి. "మూడు వారాల్లో కొత్తగా పది వచ్చాయేంటి" అని నిన్నే అడుగుతారు.

వ్యాక్స్ వెంట్రుక పెరిగే దిక్కుగా పల్చగా పూయాలి, దానికి ఎదురుగా లాగాలి. ఇది కోర్సులో చెప్పే ఉంటారు. పట్టీని పైకి లేపి లాగడం అసలు తప్పు. చర్మానికి ఆనించినట్టుగానే వెనక్కి మడిచి లాగితే వెంట్రుక మధ్యలో తెగదు, చర్మం కందదు. వెంట్రుక కనీసం అయిదు మిల్లీమీటర్లు లేకపోతే పంపించెయ్యి, పదిరోజులాగి రమ్మను. మే నెలలో మన ఊళ్లో హీటర్ ఆపినా వ్యాక్స్ నీళ్లలా జారుతుంది, అప్పుడే కాలేది. ప్రతిసారీ ముందు నీ మణికట్టు లోపలివైపు పూసుకుని చూడు. ఒంటిమీద పెట్టిన పుల్లను మళ్లీ డబ్బాలో ముంచకు. వ్యాక్స్ కరిగేంత వేడికి క్రిములు చస్తాయనేది ఉత్త మాట.

ఒక ప్రశ్న మాత్రం చేతికి పుల్ల తీసుకునేముందే అడగాలి: "మొటిమలకు మందేమైనా వాడుతున్నారా?" అడపలీన్, ట్రెటినాయిన్ లాంటి జెల్ రాత్రిళ్లు రాసుకునేవాళ్ల చర్మం పైపొర పల్చగా ఉంటుంది. పైపెదవి వ్యాక్స్ చేస్తే వెంట్రుకతోపాటు పొర లేచి వస్తుంది. వారం ముందు ఆపి ఉండాలి. ఐసోట్రెటినాయిన్ బిళ్లలు మింగేవాళ్లకయితే ఆపిన ఆర్నెల్లదాకా ఎక్కడా వ్యాక్స్ వద్దు. షుగర్ ఉన్నవాళ్లకూ, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకూ డాక్టరు సరేనంటేనే. మనది గోధుమరంగు, చామనఛాయ చర్మం. తెల్లతోలు మీద నాలుగు రోజుల్లో పోయే కందు మనకు నల్లమచ్చగా మారి నెలల తరబడి కూర్చుంటుంది. అందుకే ఇన్ని జాగ్రత్తలు.

బ్లీచ్ చర్మాన్ని తెల్లబరచదు, చర్మం మీది నూగును బంగారురంగు చేస్తుంది, అంతే. ఈ మాట ప్రతి తల్లికీ చెప్పు, నమ్మకపోయినా చెప్పు. చెవి వెనకో మోచేతి మడతలోనో కాస్త రాసి ఒకరోజు ఆగాలి. జుట్టు రంగుకయితే రెండు రోజులు, ఎందుకంటే అందులోని పీపీడీ అనే రసాయనం పడనివాళ్లకు దురద, వాపు ఆలస్యంగా బయటపడతాయి. పెళ్లిళ్లలో పెట్టే నల్ల కోను మెహెందీలోనూ అదే కలుపుతారు, అలాంటిది అసలు కొనకు. బ్లీచ్ గాజు గిన్నెలోనో ప్లాస్టిక్ గిన్నెలోనో కలుపు, స్టీలు వద్దు. యాక్టివేటర్ పొడి పెట్టె మీద ఎంత రాసుంటే అంతే. చిటికెడు ఎక్కువేస్తే పని తొందరగా అవుతుందని ఆశపడే చోటే బుగ్గలు కాలేది. 10 నిమిషాలకు ఒక మూల తుడిచి చూడు, 15 దాటనివ్వకు. త్రెడింగ్, వ్యాక్స్ చేసిన రోజునే బ్లీచ్ చెయ్యకు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు చదివి పక్కన పెట్టేస్తావని తెలుసు, అయినా రాస్తున్నా.

నీ ఇంటర్ రెండో ఏడాది గుర్తుందా? మొటిమలకని మీ అమ్మ మెడికల్ షాపులో అడిగి తెచ్చిన చిన్న ట్యూబు. డాక్టరూ లేడు, చీటీ లేదు. రెండు వారాలకు మొహం నిగనిగలాడిపోయింది. ఎదురింటావిడ కూడా దాని పేరు కాగితం మీద రాయించుకుంది. పౌడరుకు బదులు అదే రాసుకుని కాలేజీకి పోయేదానివి. నాలుగో నెలకు ఎండలో బుగ్గలు మండటం మొదలైంది, పైపెదవి మీద నూగు ఒత్తయింది. భయపడి ట్యూబు ఆపావు. నాలుగు రోజులకల్లా మొహమంతా ఎర్రగా పొక్కింది, చున్నీ కప్పుకుని పరీక్షలు రాశావు. "ఆ ట్యూబు మళ్లీ రాస్తేనే తగ్గుతోంది పిన్నీ" అని ఏడ్చినప్పుడు నిన్ను గట్టిగా తిట్టాను. ఆ తిట్లు పడాల్సింది నీకు కాదు, పదిహేడేళ్లదానికేం తెలుస్తుంది?

అందులో ఉన్నది స్టెరాయిడ్. అది రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది, అందుకే రాసిన పూటే మొహం తేరినట్టు ఉంటుంది. వాపును అణుస్తుంది, అందుకే మొటిమ కుంగుతుంది. రోజూ రాస్తే చర్మం ఉల్లిపొరలా పల్చబడి లోపలి సన్న రక్తనాళాలు ఎర్రటి దారాల్లా కనిపిస్తాయి, కొత్త మొటిమలు లేస్తాయి. ఆపితే ముడుచుకున్న నాళాలన్నీ ఒక్కసారి విచ్చుకుంటాయి, మంటా ఎరుపూ అందుకే. తామర మీద రాస్తే దురద తగ్గి, తామర మాత్రం లోలోపల పాకుతుంది. దీనికి చర్మ డాక్టర్లు పెట్టిన పేరే ఉంది, స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న మొహం అని. 2018లో కేంద్రం ఇలాంటి 14 పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. షాపుల్లో ఇప్పటికీ అడిగితే ఇస్తూనే ఉన్నారు.

నువ్వు పార్లర్ తెరిచిన నెలలోపే ఎవరో ఒకరు వచ్చి, ఈ ట్యూబు మసాజ్ క్రీములో కలిపితే ఫేషియల్ గ్లో వారంపాటు నిలుస్తుందని చెవిలో చెబుతారు. కొన్ని పార్లర్లు పేరు తెచ్చుకున్నదే అలా. కస్టమర్ మళ్లీ మళ్లీ వస్తుంది నిజమే, ఎందుకంటే ఆపితే మండుతుంది కదా! ఆ డబ్బు నీకొద్దు.

అందుకని సామాన్ల అలమరలోకి వచ్చే ప్రతి డబ్బా వెనక చదువు. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్. పేరు చివర 'సోన్', 'సోల్', 'లోన్' అని కనబడితే బయట పెట్టు. మొమెటాసోన్‌తోపాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిసున్న ట్యూబులు మంగుకు డాక్టర్లు కొద్దివారాలకని రాస్తారు, జనం ఏళ్లతరబడి రాసుకుంటారు. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు లేని తెల్లబడే క్రీములు ఇంకా ప్రమాదం, వాటిలో పాదరసం ఉండొచ్చు. కేరళ మలప్పురం జిల్లాలో 2023లో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకు కిడ్నీలు దెబ్బతిన్నట్టు డాక్టర్లు బయటపెట్టారు.

కుర్చీలో కూర్చున్న పిల్ల బుగ్గలు ఎర్రగా, పల్చగా, నూగుగా కనిపిస్తే నీ బుగ్గలు గుర్తు తెచ్చుకో. ఏం రాస్తున్నావో ఫోన్లో ఫొటో చూపించమ్మా అని మెల్లగా అడుగు. ఆ రోజు ఫేషియల్, బ్లీచ్ ఏదీ లేదు. ట్యూబు ఒక్కసారిగా ఆపెయ్యమని కూడా నువ్వు చెప్పకు. చర్మ డాక్టరు దగ్గరికి పంపు, మెల్లగా తగ్గించే పద్ధతి వాళ్లకు తెలుసు.

ఫేషియల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గోల్డ్, డైమండ్, పెర్ల్ అని పెట్టె పేర్లు మారతాయి, మెరుపు మాత్రం మసాజుదీ తేమదీ. రుద్దుడు తగ్గించు. స్టీమర్‌లో గీత దాటి నీళ్లు పొయ్యకు, దాటితే మరిగే నీళ్లు చిమ్ముతాయి. మూర దూరం, అయిదు నిమిషాలు. పచ్చి మొటిమల మీద మసాజ్ లేదు. ఇంటికెళ్లి ఏం చెయ్యాలంటే సన్‌స్క్రీన్ చెప్పు, రెండు వేళ్ల పొడవున పిండి మొహానికీ మెడకూ, ఎండలో ఉంటే రెండు మూడు గంటలకోసారి. సున్నిపిండి మానక్కర్లేదు, గీకి రుద్దడం మానాలి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి మచ్చలవుతాయని తప్పకుండా చెప్పు. పెళ్లికూతురికి కొత్త క్రీము, కొత్త ఫేషియల్ ఏదైనా పెళ్లికి నెల ముందే చేసి చూడాలి. నాలుగు రోజుల ముందు వచ్చి అడిగితే, వాళ్లత్తగారు పక్కన నిలబడి చూస్తున్నా సరే, కుదరదను.

ఇంకొక్కటి, నవ్వకు. తలకడిగే బేసిన్ కొంటున్నావని మీ అమ్మ అంది. నాకు ఆ బేసినంటేనే భయం. మెడ అంచుమీద వెనక్కి వాలి నొక్కుకుపోతే మెదడుకు వెళ్లే రక్తనాళం దెబ్బతినొచ్చు. దీన్ని అమెరికా డాక్టరొకాయన 1993లోనే రాశాడు, పార్లర్ స్ట్రోక్ అనే పేరూ ఉంది. 2022లో మన హైదరాబాదులోనే యాభయ్యేళ్లావిడకు పార్లర్‌లో తల కడుగుతుండగా కళ్లు తిరిగి వాంతులయ్యాయి. స్కానింగులో చిన్నమెదడుకు స్ట్రోక్ అని తేలింది. అరుదే. అయినా బేసిన్ అంచుకూ మెడకూ మధ్య మందంగా చుట్టిన తువ్వాలు పెట్టు, కుర్చీ పైకి లేపి మెడ వంపు తగ్గించు, నాలుగైదు నిమిషాల్లో ముగించు. బీపీ ఉన్నవాళ్లకూ పెద్దవాళ్లకూ ముందుకు వంచి కడుగు. కళ్లు తిరుగుతున్నాయంటే అక్కడికక్కడే ఆపి లేపి కూర్చోబెట్టు. అది తగ్గకపోయినా, మాట తడబడినా, నడక తూలినా ఇంటికి పంపకు, ఆసుపత్రికి తీసుకెళ్లు.

మీ అమ్మకు మెడనొప్పి కదా. బేసిన్ బిగించిన రోజు మొదట ఆవిణ్ణే కూర్చోబెట్టి తువ్వాలు ఎంత మందం కావాలో చూసుకో. ఊరికే కడగకు, బోణీకి పది రూపాయలైనా పుచ్చుకో.

మీ పిన్ని